కట్టకడపటి స్థానమున నిలిచిన పాట

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో సంఘము పక్షమున చేయబడిన ప్రసంగము)



కార్యదర్శిగారు నివేదిక చదివిరి. పిల్లలు బహుమతులు అందుకొని సంతోషముగా కూర్చుండియున్నారు. ఇట్టి వేళ దీర్ఘ ప్రసంగము వారికి శిక్ష యగును గాన, మేము మీతోడనే మాటలాడెదము. మేము చెప్పదలచినది ఒక దూరదేశపు బాలిక పాడిన పాటను గూర్చి. ఆ పాటకు బహుమతి రాలేదు. ఇరువది దేశముల పాటలలో అది ఇరువదియవదిగా నిలిచినది. ఐనను ఆ పాటనే నేడు మీ యెదుట ప్రస్తావించుటకు కారణము కలదు.

గత సంవత్సరము మన నగరములో జరిగిన పాఠశాలల పాటల పోటీకి మన బాలికలు ఆరుగురు వెళ్లి తెలుగు పాట పాడిరి. శ్రుతి తప్పలేదు, లయ చెడలేదు. ఐనను వట్టిచేతులతో తిరిగివచ్చిరి. మఱునాడు కొందఱు తల్లిదండ్రులు సంఘ కార్యాలయమునకు వచ్చి, "వినువారికి తెలియని భాషలో పాడించి పిల్లలను ఏల ఓడింతురు? ఈ మారు మరాఠీ పాటయో, హిందీ పాటయో నేర్పుడు" అని అడిగిరి. వారిపై మాకు కోపము లేదు. బిడ్డ కంట నీరు చూచిన తల్లి అడుగదగిన ప్రశ్నయే అది. ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఏడాది ఆలోచించి నేడు చెప్పుచున్నాము.

ఐరోపా ఖండమున పెద్దల కొఱకు "యూరోవిజన్" అను పాటల పోటీ 1956వ సంవత్సరమున మొదలైనది. దానిని నమూనాగా గొని పిల్లలకు వేఱుగ "జూనియర్ యూరోవిజన్" అను పోటీని 2003వ సంవత్సరము నవంబరు 15వ తేదీన డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హాగెన్ నగరమున ప్రారంభించిరి. ఆ మొదటి పోటీలో 16 దేశములు పాల్గొనగా క్రొయేషియా గెలిచెను. ఈ పోటీని నడపునది ఆయా దేశముల రేడియో, టెలివిజన్ సంస్థలు కలసి ఏర్పఱచుకొనిన సమాఖ్య. కావున పోటీకి పిల్లలను పంపునది ప్రభుత్వము కాదు, ప్రసార సంస్థ. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మనకు తరువాత పని కలదు.

ఆ పోటీ నియమములు తెలిసికొనదగినవి. 2016వ సంవత్సరము నుండి 9 మొదలు 14 ఏండ్ల వఱకు వయసుగల పిల్లలే దానికి అర్హులు. పాట మూడు నిమిషములకు మించరాదు. అన్నిటికంటె ముఖ్యమైనది భాషను గూర్చిన నియమము. పెద్దల పోటీలో ఏ దేశమువారు ఏ భాషలోనైనను పాడవచ్చునని 1999లో అనుమతించిరి. అప్పటినుండి అచట ఇంగ్లీషు పాటలే పెచ్చుపెరిగినవి. పిల్లల పోటీలోనో, పాట ప్రధానముగా తమ దేశభాషలో ఉండవలెను. ఇంగ్లీషు మాటలు కొంత పరిమితికి లోబడి చేర్చుకొనవచ్చును. పెద్దలు విడిచిపెట్టిన నియమమును పిల్లల కొఱకు నిలిపియుంచిరన్న మాట. ఎందులకు? పిల్లవాడు మొట్టమొదట ప్రపంచము ముందు నోరు విప్పినపుడు ఆ నోట తన యింటి మాట ఉండవలెనని వారు తలచిరని మేము భావింతుము.

బ్రిటను ఈ పోటీలో 2003, 2004, 2005 సంవత్సరములలో పాల్గొనినది. పాటలు ఇంగ్లీషులో సాగినవి. మొదటి యేడు మూడవ స్థానము, రెండవ యేడు రెండవ స్థానము, మూడవ యేడు పదునాలుగవ స్థానము దొరకినవి. పిమ్మట ఆ దేశము పోటీనుండి తప్పుకొనెను. పదమూడేండ్లు గడచినవి. 2018లో బ్రిటను దీవినుండి మరల పోటీకి ఒక పాట వచ్చినది. కాని అది బ్రిటను పేరుతో రాలేదు; ఇంగ్లీషులోనూ రాలేదు. ఆ దీవికి పడమట నున్న వేల్సు అను చిన్న దేశము తన పేరుతో, తన భాషతో వచ్చెను.

వేల్సు ఎట్టిదో రెండు మాటలు చెప్పవలెను. అది బ్రిటను రాజ్యములో ఒక భాగము. జనాభా ముప్పది లక్షలకు కొంచెము ఎక్కువ. వారి ప్రాచీన భాషను మనము వెల్షు అందుము. ఆ పేరు ఇంగ్లీషువారు పెట్టినది. దాని మూలార్థము "పరాయివారు" అని. తమ సొంత భాషలో వారు తమ్ము "కమ్రి" అని చెప్పుకొందురు. దానికి మూలార్థము "ఒకే నాటివారు" అని. ఇతరులు పరాయివారనిరి, వారు తమలో తాము తోడివారని పిలుచుకొనిరి. తరతరములుగా పరరాష్ట్రమున కాపురమున్న మనకు ఈ రెండు పేర్ల నడుమ గల దూరము ఎంతయో తెలియును గదా.

1911లో ఆ దేశమున నూటికి 43 మందికి పైగా వెల్షు మాటలాడెడివారు. 2021 జనాభా లెక్కలనాటికి ఆ సంఖ్య నూటికి 18 మందికంటె తగ్గినది. మొత్తము సుమారు 5 లక్షల 38 వేలమంది. తమ దేశమున తామే అల్పసంఖ్యాకులైరి. ఇది యెట్లు జరిగెను? గనులు, కర్మాగారములు వచ్చినవి, వలసలు పెరిగినవి, పెక్కు కొలువులు ఇంగ్లీషువారి చేతిలో ఉన్నవి. వీనితోపాటు బడి కూడ ఒక కారణము. పందొమ్మిదవ శతాబ్దమున అచటి పెక్కు బడులలో ఒక వాడుక ఉండెను. వెల్షులో మాటలాడుచు పట్టుబడిన పిల్లవాని మెడలో ఒక కొయ్యముక్క వ్రేలాడదీయుదురు. వాడు మఱియొకడు వెల్షు మాటలాడగా విని చెప్పినచో ఆ ముక్క వాని మెడకు మాఱును. సాయంకాలము అది ఎవని మెడలో మిగులునో వానికి దెబ్బలు.

తల్లిదండ్రులారా! ఈ కథలో మమ్ము మిక్కిలి బాధించినది దెబ్బలు కావు. ఈ వాడుకను ఆజ్ఞాపించిన ప్రభుత్వ శాసనము ఏదియు లేదు. బడి పంతుళ్లు పెట్టిరి. అనేకమంది తల్లిదండ్రులు సమ్మతించిరి. తమ బిడ్డలకు కీడు కోరి సమ్మతింపలేదు. మేలు కోరియే సమ్మతించిరి. ఇంగ్లీషు వచ్చిన కొలువు దొరకును, వెల్షు ఇంటిలో ఎట్లును వచ్చును, దానిని బడిలో నేర్పవలెనా అని తలచిరి. ఇంటిలో ఎట్లును వచ్చునని నమ్మిన భాష రెండు మూడు తరములలో చాల యిండ్లనుండి వెడలిపోయినది.

మేము ఇతరులను తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుటలేదు. బస్సులో మన పిల్ల గట్టిగా తెలుగు మాటలాడినపుడు "మెల్లగా, మెల్లగా" అని మేమును చేయి నొక్కినవారమే. మా కార్యవర్గములోనే తమ పిల్లలను ఈ పాఠశాలకు పంపనివారు ఉన్నారు. మెడలో కొయ్యముక్క వ్రేలాడదీయనక్కఱలేదు. ఆ చేతినొక్కుడు చాలును.

వేల్సువారు ఈ నష్టమును ఎట్లు నిలువరింప యత్నించిరో వినుడు. 1922లో ఇఫాన్ అబ్ ఓవెన్ ఎడ్వర్డ్స్ అను ఆయన పిల్లల కొఱకు "ఇర్ద్" అను సంఘమును స్థాపించెను. ఆటలు, శిబిరములు, పాటలు అన్నియు వెల్షులోనే. 1929లో కోర్వెన్ అను ఊర ఆ సంఘము పిల్లలకు పాటల, పద్యముల పోటీ నెలకొల్పెను. అట్టి పోటీకి వారి భాషలో "ఐస్తెద్‌వోద్" అని పేరు. "కూర్చుండుట" అను ధాతువునుండి వచ్చిన మాట యది. మనము "సభ తీర్చుట" అన్నట్లే. 1176లో కార్డిగన్ కోటలో ఒక ప్రభువు కవులకు, గాయకులకు ఇట్టి సభ జరిపినట్లు చరిత్ర కలదు. ఆ ప్రాచీన సభను పిల్లల చేతికి అందించుటయే 1929లో జరిగిన పని.

1939లో ఆయనయే అబెరిస్ట్‌విత్ పట్టణమున వెల్షు మాధ్యమముగా గల మొదటి ప్రాథమిక పాఠశాల తెఱచెను. అందు చేరిన పిల్లలు ఎందఱు? ఏడుగురు. మన పాఠశాలలో ఈ యేడు ఒకటవ తరగతిలో చేరినవారిని చూచి, "ఇంతమందికి ఒక పాఠశాలయా?" అని కొందఱు నిట్టూర్చినట్లు వింటిమి. ఆ ఏడుగురిని తలచుకొనుడు. 1947లో లనెల్లి పట్టణమున స్థానిక ప్రభుత్వమే అట్టి పాఠశాల నెలకొల్పినది. 1956లో మాధ్యమిక పాఠశాల వచ్చినది.

ఇక ప్రసార సంస్థ సంగతి. వెల్షు భాషకు ప్రత్యేకముగా ఒక టెలివిజన్ వాహినిని ఇత్తుమని చెప్పిన ప్రభుత్వము 1980లో మాట తప్పబోయెను. అప్పుడు గ్విన్‌వోర్ ఎవాన్స్ అను నాయకుడు తాను ఆమరణ నిరాహార దీక్షకు కూర్చుండెదనని ప్రకటించెను. 1952లో పొట్టి శ్రీరాములుగారి దీక్షను ఎఱిగిన జాతికి ఆ ప్రకటన బరువు చెప్పనక్కఱలేదు. సుకృతవశమున అచట దీక్ష మొదలు కాకమునుపే, ఆ సెప్టెంబరులోనే ప్రభుత్వము దిగివచ్చినది. 1982 నవంబరు 1వ తేదీన ఎస్.ఫోర్.సి. అను వెల్షు వాహిని ప్రసారము ప్రారంభించెను. పోటీకి పిల్లలను పంపునది ప్రసార సంస్థ యని మొదట చెప్పితిమి. 2018లో వేల్సు తన పేరుతో అంతర్జాతీయ వేదిక నెక్కగలిగినది ఈ వాహిని ఉండుటచేతనే.

ఆ సంవత్సరము ఆ వాహిని "నక్షత్రాన్వేషణము" అను అర్థముగల పేరుతో పిల్లలను పరీక్షించి, లాన్‌డిడ్నో అను సముద్రతీర పట్టణమున తుదిపోటీ జరిపెను. మానూ అను పేరుతో పాడిన 14 ఏండ్ల బాలిక ఎన్నికైనది. పాట పేరు "పెర్తా". "మిక్కిలి అందమైనది" అని యర్థము. ఇచట ఒక వింత కలదు. ఆ మాటయే స్త్రీని గూర్చి "ఆ" అను నిర్దేశము తరువాత వచ్చినచో "బెర్తా" యగును. పకారము బకారముగా మాఱుట, కకారము గకారముగా, తకారము దకారముగా మాఱుట వెల్షు భాషకు సహజము. మన వ్యాకరణమున ద్రుతముమీది పరుషములు సరళములగునని పిల్లలు వల్లించుట లేదా? "వచ్చెను" మీద "పాప" చేరగా "వచ్చెను బాప" యగుట లేదా? పరస్పర సంబంధము లేని రెండు భాషలు ఇట్లు ఒకే మెత్తదనమును కోరుకొనినవి. ఇట్టి సొగసు అర్థము తెలియక వినువారి చెవికైనను తగులును.

2018 నవంబరు 25వ తేదీన బెలారస్ దేశపు మిన్స్క్ నగరమున ఆ బాలిక పాడెను. పోలండు మొదటి స్థానము గైకొనెను. వేల్సు 29 గుణములతో ఇరువదియవ స్థానమున, అనగా కట్టకడపట నిలిచెను.

మన ప్రశ్న ఇచటనే పుట్టును. "చూచితిరా, తెలియని భాషలో పాడినందుననే ఓటమి" అని యెవరైన అనవచ్చును. కాని అది నిజము కాదు. జార్జియా దేశమును చూడుడు. నలుబది లక్షలకు మించని జనము. వారి లిపియు భాషయు పొరుగువారికే తెలియవు. ఆ దేశము ఈ పోటీని 2008, 2011, 2016, 2024 సంవత్సరములలో నాలుగు పర్యాయములు గెలిచినది. అందులో 2008లో గెలిచిన పాట యే మానవభాషలోనూ లేదు; తేనెటీగల ఝుంకారమును అనుకరించు కల్పిత భాషలో ముగ్గురు పిల్లలు పాడిరి. ఈగల భాషకు బహుమతి యిచ్చినవారు భాష తెలియదని ఎవరిని త్రోసివేయుదురు? గెలుపోటములు పాటను, సాధనను, ఆనాటి కంఠమును, ఇతరుల పాటలను బట్టి కలుగును. భాషపై నేరము మోపుట సులభము; అందుచేతనే మనము త్వరపడి మోపుదుము.

ఇక వేల్సువారు ఏమి చేసిరి? ఇంగ్లీషు పాటకు మాఱిరా? లేదు. మఱుసటి సంవత్సరము, 2019 నవంబరు 24న, పోలండులోని గ్లివిత్సె నగరమునకు ఎరిన్ మాయ్ అను మఱియొక బాలికను పంపిరి. పాట వెల్షులోనే. దాని పేరునకు "కొట్టుకొనుచున్న గుండె" అని యర్థము. ఈ మారు పందొమ్మిది దేశములలో పదునెనిమిదవ స్థానము. ఒక మెట్టు ఎక్కిరని మేము నవ్వులాటకు చెప్పుట లేదు. మరల వెళ్లుటయే గొప్ప యని చెప్పుచున్నాము. 2020లో కరోనా మహమ్మారి వచ్చుటచేత వారు పాల్గొనలేదు. తరువాత 2022లో బ్రిటను ఉమ్మడిగా మరల ప్రవేశించి ఇంగ్లీషు పాటతో అయిదవ స్థానము, 2023లో నాలుగవ స్థానము పొందెను. స్థానములే ప్రమాణమైనచో ఇంగ్లీషు పాటలే మేలు. కాని పెద్ద భాషకు మూడు నిమిషముల వేదిక దొరకినను దొరకకున్నను కొఱత లేదు. చిన్న భాషకు ఆ మూడు నిమిషములు చాల ఎక్కువ. తన భాష టెలివిజన్‌లో దేశదేశములకు వినబడగా ఇంటివద్ద కూర్చుండి విన్న వెల్షు పిల్లవాడు, దీనిని మెల్లగా మాటలాడవలెనని ఇక ఏల తలచును?

ఐనను అతిశయోక్తి వలదు. పాటయొకటే భాషను బ్రతికింపదు. 2050 నాటికి పది లక్షలమంది వెల్షు మాటలాడువారు ఉండవలెనని అచటి ప్రభుత్వము 2017లో సంకల్పించినది. కాని 2021 లెక్కలలో సంఖ్య మఱింత తగ్గినది. ఆ తగ్గుదల ముఖ్యముగా 3 నుండి 15 ఏండ్ల పిల్లలలోనే కనబడినది. వాహిని ఉన్నను, చట్టము ఉన్నను, ఇంటిలో పలుకకున్నచో ఇట్లే యగును. మన రాజ్యాంగమునకు 1956లో చేర్చిన 350ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను ఆదేశించుచున్నది. 30వ అధికరణము మన పాఠశాలను మనము నడుపుకొను హక్కు నిచ్చినది. ఆ హక్కుచేతనే ఈ గోడలు నిలిచినవి. గోడల లోపల పలుకు నిలుపుట మీ వంతు, మా వంతు.

వేల్సును వదలి పోయినవారి సంగతి కూడ ఒకటి చెప్పి ముగింతుము. వారు మనకు మఱింత దగ్గఱివారు. 1865లో సుమారు నూట యేబదిమంది వెల్షువారు "మిమోసా" అను ఓడ నెక్కి దక్షిణ అమెరికాలోని పటగోనియాకు వలసపోయిరి. ఆ ప్రాంతము నేడు అర్జెంటీనాలోనిది. వీధి భాష, కొలువు భాష స్పానిషు. ఐనను గైమన్, ట్రెలెవ్ మొదలగు ఊళ్లలో వారి సంతతి పిల్లలకు స్పానిషుతోపాటు వెల్షు నేర్పు పాఠశాలలు నేటికిని కలవు. పాటల సభలును జరుగుచున్నవి. స్పానిషును ద్వేషించి వెల్షు నిలుపుకొనలేదు, రెంటిని పట్టుకొనిరి. మనకును మరాఠీ అన్నము పెట్టిన భాష. దానిని మన పిల్లలు ఇరుగుపొరుగు పిల్లలకు దీటుగా నేర్వవలెను. దానికై తెలుగును విడువనక్కఱలేదు.

కావున గత సంవత్సరము అడిగిన తల్లిదండ్రులకు మా సమాధానమిది. ఈ మారును ఆ పోటీలో మన పాఠశాల పక్షమున తెలుగు పాటయే పాడబడును. ఐతే గత సంవత్సరము మేము ఒక పొరపాటు చేసితిమి. పాట భావమును వినువారికి చెప్పలేదు. ఈ మారు పాటకు ముందు మన బాలికయే లేచి నిర్దుష్టమైన మరాఠీలో రెండు వాక్యములలో భావము చెప్పును. మరాఠీ పాటలకు వేఱుగ పోటీ ఉన్నచో దానికిని పిల్లలను సిద్ధము చేయుదుము. సాధన రెండు వారములు కాదు, మూడు నెలలు జరుగును. అంత చేసిన పిమ్మట ఓడినచో, పిల్లలతోపాటు మేమును వచ్చి ఆ ఓటమిని పంచుకొందుము.

మీనుండి కోరునది స్వల్పము. బతుకమ్మనాడు, సంక్రాంతి గొబ్బిళ్లనాడు మీ యింటి ముసలమ్మలు పాడు పాటలను పిల్లలచేత వినిపింపుడు. వ్రాయగలవారిచేత వ్రాయించి పాఠశాలకు పంపుడు. రాత్రి పది నిమిషములు పిల్లవానిచేత తెలుగు వాచకము బిగ్గరగా చదివింపుడు. మీకు చదువ రాకున్న మఱియు మంచిది; వాడు చదువగా మీరు వినుడు, తాను ఇంటికి గురువైనట్లు వాడు సంతోషించును. బస్సులో పిల్ల గట్టిగా తెలుగు పలికినపుడు చేయి నొక్కకుడు. మేమును నొక్కము.

గత సంవత్సరము పాడిన బాలికలు ఆరుగురును ఈ సభలోనే ఉన్నారు. వారికి ఆనాడు ఎవరును బహుమతి ఇయ్యలేదు. నేడు మేమును ఇచ్చుట లేదు. ఈ ప్రసంగము ముగియగానే వారు ఆ పాటనే మరల పాడుదురు. ఇచట వినువారందఱకు ఆ భాష తెలియును. శ్రద్ధతో వినుడు.